పాలలోని వెన్నను అరిగించు జన్యువుల వంశకథ

గత సంవత్సరము కార్తీకమాసమున మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ దినమున వచ్చినవానిని కారణమడుగగా, తనకు తమ్ముడు పుట్టినాడని చెప్పెను. నెలలు నిండకమునుపే పుట్టిన శిశువట. తల్లిపాలు చిక్కగా నున్నవి, ఇంత చిన్న కడుపున ఆ వెన్న అరుగదు, నీళ్లు కలిపిన మేకపాలు పట్టుడని ఇంటిలో అవ్వ పట్టుపట్టినదట. తల్లిపాలు తప్ప మరేమియు పట్టరాదని వైద్యురాలు చెప్పినదట. ఇంటివారు ఇద్దరి మాటల నడుమ నలిగిపోవుచున్నారు.

“అయ్యవారూ, అవ్వ చెప్పింది నిజమేనా? పుట్టి నాలుగు రోజులైనవాడు అంత వెన్నను ఎట్లా అరిగించుకుంటాడు?” అని వాడడిగెను.

నేను తెలుగు చెప్పువాడను. వైద్యురాలి మాట వినుడని మాత్రము ఆనాడు చెప్పి పంపితిని. కాని ఆ ప్రశ్న నన్ను విడువలేదు. మా విజ్ఞానశాస్త్రోపాధ్యాయులను అడిగి, వారిచ్చిన పుస్తకములు చదివి, తెలియని చోట్ల మరల వారినే వేధించి నేర్చుకొన్న దానిని ఇచ్చట వ్రాయుచున్నాను. పిల్లలు చదివి ఇంటిలో పెద్దలకు వినిపింపగలరని ఆశ.

అవ్వ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. తల్లిపాలనుండి శిశువునకు లభించు శక్తిలో ఇంచుమించు సగము క్రొవ్వునుండియే వచ్చును. క్రొవ్వు నీటిలో కరగదు. ప్రేవులలో ఉన్నదంతయు నీరే. సాంబారుపై తేలు నూనెబొట్లవలె క్రొవ్వు వేరుగా నిలిచియుండును. అది రక్తమును చేరవలెనన్న ముందుగా ముక్కలు కావలెను. క్రొవ్వులోని ఒక్కొక్క అణువు గ్లిజరాలు అను వెన్నుకు మూడు క్రొవ్వు ఆమ్లములు తగిలించినట్లుండును. ఆ ఆమ్లములను కోసి విడదీయు పనిముట్టునకు లైపేజు అని పేరు. అది ఒక ఎంజైము, అనగా శరీరము తయారుచేసికొను ఒకవిధమైన మాంసకృత్తు. దానిని ఎట్లు చేయవలెనో తెలుపు వ్రాత మన కణములలోని జన్యువునందు ఉండును.

ఈ పని ఎచ్చట జరుగునో మొట్టమొదట స్పష్టముగా చూచినవాడు ఫ్రాన్సు దేశపు శరీరశాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్. ఆ కథ చెప్పక ముందుకు పోవుటకు నాకు మనసొప్పుట లేదు. 1846లో ఎవరో సంతనుండి కుందేళ్లను తెచ్చి ఆయన ప్రయోగశాలలో బల్లపై ఉంచిరి. అవి విడిచిన మూత్రము తేటగా, ఆమ్లగుణముతో ఉండెను. గడ్డి తిను జంతువుల మూత్రము కలకగా, క్షారగుణముతో ఉండవలెను. తేట మూత్రము మాంసాహారుల లక్షణము. బెర్నార్డ్ ఆలోచించెను. ఈ కుందేళ్లకు చాలసేపటినుండి ఎవరును మేత పెట్టియుండరు, ఇవి తమ మాంసమునే తాము కరగించుకొని బ్రతుకుచున్నవి, అనగా ఈ సమయమున ఇవియు మాంసాహారులే అని ఊహించెను. ఊహ సరియేనా అని చూచుటకు వానికి గడ్డి పెట్టెను, పస్తుంచెను, పిదప ఉడికించిన గోమాంసమును తినిపించెను. ఊహ నిజమాయెను.

అంతటితో నిలిచిన అది చిన్న సంగతియే అయియుండును. మాంసము తిన్న కుందేలును కోసి చూచునప్పుడు, ప్రేవులనుండి క్రొవ్వును మోసికొనిపోవు సన్నని నాళములు పాలవలె తెల్లబారి ఆయన కంటబడెను. కుక్కలో ఆ తెలుపు జీర్ణాశయము దాటిన వెంటనే కనబడును. కుందేలులో ఇంచుమించు 30 సెంటీమీటర్లు దిగువన గాని కనబడలేదు. ఎందుకని పరీక్షింపగా, కుందేలులో క్లోమమునుండి వచ్చు నాళము సరిగా ఆ చోటనే ప్రేవులో కలియుచున్నది. పైత్యరసము పైనే కలిసినను అచ్చట క్రొవ్వు మార్పు చెందలేదు. క్లోమరసము కలిసిన తరువాతనే తెలుపు వచ్చినది. క్రొవ్వును జీర్ణించుటలో ముఖ్యమైనది క్లోమరసమని ఇట్లు తేలెను. మేత లేని కుందేళ్లు ఒక గొప్ప సత్యమును బయటపెట్టినవి.

ఆ క్లోమరసములోని లైపేజు నేడు మనకు బాగుగా తెలిసిన వస్తువు. మనుష్యులలో అది 449 అమినో ఆమ్లముల గొలుసు. 1958లో సర్దా, దెన్యుయెల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దాని విచిత్రస్వభావము నొకదానిని చూపిరి. నీటిలో కరగి విడివిడిగా నున్న పదార్థముపై అది దాదాపు పని చేయదు, నూనెబొట్టు ఉపరితలము దొరకినప్పుడే విజృంభించును. కారణము 1990లోను, దాని తరువాతి సంవత్సరములలోను దాని ఆకృతిని గుర్తించినప్పుడు తెలిసినది. కోయు భాగముపై ఒక చిన్న మూత కలదు. నూనెబొట్టు తగిలినప్పుడు ఆ మూత తెరచుకొనును. పైత్యరసములోని లవణములు ఈ లైపేజును బొట్టుపైనుండి కడిగివేయజూచుచుండును. దానిని అచ్చటనే పట్టి నిలుపుటకు కోలైపేజు అను చిన్న మాంసకృత్తు తోడుగా వచ్చును. ఒంటరిగా పని చేయలేని పనివాడన్నమాట.

ఇక వంశకథకు వత్తము. దీనికి మన హోసూరు ప్రాంతపు పిల్లలకు ఇతరులకంటె ఎక్కువ అర్హత కలదని నా నమ్మకము. ఇంటిలో ‘పాలు’ అందురు. సంతలో తమిళులు ‘పాల్’ అందురు. సరిహద్దు దాటిన ‘హాలు’ అందురు. ఈ మూడును ఒకే పూర్వపదమునుండి వచ్చినవని మీకు ఎవరును చెప్పనక్కరలేదు, చెవికే తెలియును. ప్రాచీన కన్నడమున అదియు ‘పాల్’ అనియే ఉండెడిది, తరువాత పకారము హకారమైనది. 1816లో మద్రాసులో నున్న ఎల్లిస్ దొర ఇట్టి పోలికలను వరుసగా పరిశీలించి, తెలుగు తమిళ కన్నడములు ఒక కుటుంబమునకు చెందినవని చూపెను. ఈ మూటిలో ఏదియు మరియొకదానికి తల్లి కాదు. మూడును తోబుట్టువులు. ఆ సంగతి తెలియక ఒకరి భాషను మరియొకరు తక్కువచేయుట మనము వీథిలో చూచుచునేయున్నాము.

జన్యువుల సంగతియు ఇంతే. జన్యువు కూడ ఒక వ్రాత. అక్షరములు నాలుగే. ఒక జంతువు జన్యువును మరియొకదానితో ప్రక్కప్రక్కన పెట్టి చదివిన, ఏవి ఏకవంశజములో తెలియును. 1992లో మనుష్యుని క్లోమమును పరీక్షించినవారికి ఒక ఆశ్చర్యము ఎదురయ్యెను. లైపేజు జన్యువును పోలినవి అచ్చట మరి రెండు కలవు. వాని వ్రాత మొదటిదానితో ఇంచుమించు మూడింట రెండు వంతులు సరిపోవుచున్నది. తరువాత నాలుగవది యొకటి బయటపడినది. ఈ నాలుగును మన పదవ క్రోమోసోముపై ఒకే వీథిలోని అన్నదమ్ముల ఇండ్లవలె ప్రక్కప్రక్కనే ఉన్నవి. అట్లుండుటయే వాని పుట్టుకకు సాక్ష్యము. కణము తన వ్రాతను నకలు తీయునప్పుడు ఒక్కొక్కప్పుడు పొరపాటున ఒకే భాగము రెండుమార్లు వ్రాయబడును. అట్లు ఒక జన్యువు రెండగును, రెండు మూడగును.

నకలు వలన ప్రయోజనమేమి? దీనికి నేను నా వృత్తినుండియే ఉపమానము తెచ్చుకొందును. కడపలో కలెక్టరు కచ్చేరీ ఉద్యోగియై వచ్చిన బ్రౌను దొర లేఖకులను, పండితులను నియమించి తెలుగు తాళపత్రగ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ప్రతి యొక్కటియే ఉన్నంతకాలము దానిలో ఒక అక్షరము చెడిన గ్రంథమే చెడును. రెండవ ప్రతి వచ్చిన పిమ్మట మొదటిది భద్రముగా నుండగా, రెండవదానిలో ఎవరేమి మార్చినను గ్రంథము నశింపదు. జపాను దేశీయుడై అమెరికాలో పరిశోధనలు చేసిన సుసుము ఓనో 1970లో ప్రకటించిన గ్రంథమున జన్యువులకును ఇదే న్యాయమని వాదించెను. ఒక ప్రతి పాతపని చేయుచుండ, రెండవ ప్రతికి మారుటకు స్వేచ్ఛ లభించును. మారిన ప్రతులలో పెక్కు పాడైపోవును. కొన్ని మాత్రము క్రొత్తపని నేర్చును. తాళపత్రముల లేఖకునికి బుద్ధి కలదు, జన్యువులకు లేదు. అందుచేత ఉపమానమును ఇంతకుమించి లాగరాదు. ఏ మార్పు నిలుచునో నిర్ణయించునది ఆ జంతువు బ్రతుకుతెరువే.

మన నలుగురన్నదమ్ములను చూడుడు. పెద్దవాడు పైన చెప్పిన క్లోమ లైపేజు. రెండవవాడు వింతవాడు. చూచుటకు అచ్చముగా లైపేజే, క్రొవ్వును మాత్రము కోయడు. గొలుసులో రెండు అమినో ఆమ్లములు మారుటయే దీనికి కారణము. 1998లో శాస్త్రజ్ఞులు ఆ రెండింటిని పెద్దవానిలో నున్నట్లే తిరిగి మార్చిచూడగా, పోయిన శక్తి కొంత తిరిగివచ్చినది! అట్లయిన ఇతడు వ్యర్థుడా? కాడనియే తోచుచున్నది. ఇతడు పెద్దవానికి తోడుండవలసిన కోలైపేజును తాను పట్టుకొని, పెద్దవాని వేగమును తగ్గించును. బండికి ఇరుసువలె గాక ఆపుకట్టెవలె ఉపయోగపడునన్నమాట. ఈ జన్యువును తొలగించిన చుంచెలుకల దేహమున క్రొవ్వు పెరుగుటయు పరిశోధకులు చూచిరి.

ఇంకను రుచిగల సంగతి 2019లో వెలువడినది. అనేక క్షీరదముల జన్యువులను వరుసగా పోల్చిచూచిన శాస్త్రజ్ఞులకు, ఈ ఆపుకట్టె జన్యువు శాకాహారులలో పలుమార్లు, వేర్వేరు వంశములలో విడివిడిగా, శిథిలమైపోయినట్లు కనబడెను. ఆకులు గడ్డి తినువాని మేతలో క్రొవ్వు బహుస్వల్పము. దొరికిన కొంచెమును పూర్తిగా గ్రహించుకొనవలసినవానికి ఆపుకట్టెతో పనియేమి? వాడుక లేని జన్యువులో తప్పులు చేరినను ఆ జంతువునకు నష్టము లేదు. తరతరములకు అక్షరములు చెదరి అది చదువరాని వ్రాతయైపోవును. చెదపట్టిన తాటాకు ఇంకను కట్టలో ఉండును, చదువుటకు మాత్రము రాదు. ఒక జంతువు పూర్వులు ఏమి తినిరో చెప్పుటకు పండ్లు, ఎముకలు సాక్ష్యములని చదివియుంటిని. పోగొట్టుకొన్న జన్యువు కూడ సాక్ష్యమిచ్చునని ఇప్పుడు తెలిసినది.

మూడవవాడు బహుముఖుడు. పచ్చని ఆకులలో ఉండునది మన వెన్నవంటి క్రొవ్వు కాదు, చక్కెరతో కూడిన వేరొకవిధమైన క్రొవ్వుపదార్థము. దానిని పెద్దవాడు కోయలేడు. మూడవవాడు కోయగలడు. గినీపందిలో ఇతని మూత చాల చిన్నదైపోయి, కణపొరలలోని భాస్వరముతో కూడిన క్రొవ్వును కూడ ఇతడే కోయుచున్నాడు. మనుష్యులలో ఈ జన్యువునకు మధ్యలోనే చదువు ఆగిపోవు ప్రతి యొకటి సాధారణముగా కనబడును. ధాన్యమును ప్రధానాహారముగా గల జనులలో దాని పాళ్లు ఇతరులలోకంటె భిన్నముగా నున్నవని 2010లో ప్రకటితమైనది. అనగా ఈ కథ మనలో ఇంకను నడచుచునేయున్నది.

అయితే మన శిశువునకు కావలసిన సంగతి వేరు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల క్లోమములో పెద్దవాడు ఇంకను పనికి రాడు. పాలు విడుచు కాలమునకు గాని అతడు బలము పుంజుకొనడు. ఆలోపల పని చేయువాడు మూడవవాడే. వాని జన్యువు లోపించిన చుంచెలుకపిల్లలలో త్రాగిన పాలలోని క్రొవ్వు సరిగా గ్రహింపబడక మలముతో పోవుచున్నదని 1998లో చూపిరి. మనుష్యశిశువు సంగతియు ఇట్టిదే. పుట్టిననాడు క్లోమ లైపేజు అతిస్వల్పము. అందుచేత అవ్వ భయము పూర్తిగా నిరాధారము కాదు. చిన్న కడుపులో పెద్దల పనిముట్టు నిజముగానే లేదు.

ఇచ్చట కొంచెము ప్రక్కకు పోయి దాయాదుల మాట చెప్పెదను. ఈ లైపేజు కుటుంబము క్లోమముతో ఆగలేదు. రక్తనాళముల గోడలను అంటి, రక్తములో తేలు క్రొవ్వును కోసి కండలకు అందించు లైపేజు యొకటి కలదు. 1943లో కుక్కలకు హిపారిన్ మందు ఎక్కించినప్పుడు, భోజనానంతరము పాలవలె తెల్లనైన వాని రక్తద్రవము తేటపడుట చూచి దీని జాడ పట్టిరి. పుట్టుకతో ఇది లోపించినవారి రక్తము తెల్లగా మీగడకట్టినట్లుండును, అదృష్టవశమున అట్టివారు చాల అరుదు. కాలేయములో ఒకటి, 1999లో తెలిసిన రక్తనాళపు పొరలోనిది మరియొకటి కలవు. ఇవన్నియు క్లోమ లైపేజుతో ఏకవంశజములు. అంతకంటె వింత, కందిరీగ విషములోని ఒక ఎంజైము కూడ ఈ వంశమునకే చెందినది. మగ్గిన అరటిపండుపై ముసురు చిన్న ఈగ గ్రుడ్డులోని సొనకు ఆధారమైన మాంసకృత్తులు కూడ ఈ వంశపువే, అవి కోయుట పూర్తిగా మరచి పిల్లకు ఆహారమగుటయే వృత్తిగా చేసికొన్నవి. కందిరీగ కుట్టినప్పుడు బంధుత్వము జ్ఞాపకము తెచ్చుకొనుట కష్టమే!

మరల శిశువు కడకు వత్తము. వానికి రెండవ సహాయము వేరొక వంశమునుండి వచ్చును. జీర్ణాశయములోని ఆమ్లమునందు చెడక పని చేయు లైపేజు యొకటి కలదు. దానికి కోలైపేజు అక్కరలేదు, పైత్యరసము అక్కరలేదు. పాలలోని క్రొవ్వుబిందువును చుట్టియున్న సన్నని పొర దానిని ఆపలేదు. అదే మొదటి కోత కోసి, తరువాత వచ్చువానికి దారి చేయును. చిత్రమేమనగా, ఒకే జన్యువు వేర్వేరు క్షీరదములలో వేర్వేరు చోట్ల పని చేయుచున్నది. మనలోను, కుందేలులోను జీర్ణాశయమున ఊరును. ఎలుకలోను, ఆవుదూడలోను నాలుక మొదట ఊరును. దూడ పొదుగు కుడుచునప్పుడే పాలతో ఇది కలిసి లోపలికి పోవును. ఇటలీ దేశమున కొన్ని ఘాటైన జున్నులు చేయువారు మేకపిల్ల, గొఱ్ఱెపిల్లలనుండి తీసిన ఈ లైపేజునే వాడుదురు. ఆ ఘాటు పాలక్రొవ్వునుండి విడివడిన ఆమ్లములదే. ఈ వంశమునకు కూడ తోబుట్టువులు పెక్కు, అవియు పదవ క్రోమోసోముపైనే మరియొక చోట గుంపుగూడియున్నవి.

మూడవ సహాయము అన్నిటికంటె మనోహరమైనది. అది శిశువు శరీరమున పుట్టదు, తల్లిపాలతోనే వచ్చును. పెద్దల క్లోమములో చేయబడు మరియొక లైపేజు కలదు. దాని వంశము మూడవది, నరముల పనిలో తోడ్పడు ఒక ఎంజైమునకు అది జ్ఞాతి. ఆ జన్యువునే స్త్రీ శరీరము స్తన్యములో కూడ పని చేయించును. పాలలో నున్నంతసేపు ఆ లైపేజు నిద్రించుచుండును. శిశువు చిన్నప్రేవులో పైత్యలవణములు తగిలినప్పుడు మేలుకొని క్రొవ్వును కోయ మొదలిడును. తినవలసినదానితోపాటు అరిగించు పనిముట్టును తల్లియే పంపుచున్నది. ఆవుపాలలోను లైపేజు కలదు గాని, అది ముందు చెప్పిన రక్తనాళముల లైపేజే. పైత్యలవణములచే మేలుకొని శిశువునకు సాయపడునది కాదు.

ఇంటిపెద్దలు గమనింపదగిన సంగతి యొకటి ఇచ్చట కలదు. ఈ పాల లైపేజు వేడికి నిలువదు. పాలబ్యాంకులలో ఇతర తల్లుల పాలను రోగక్రిములు పోవుటకై 62.5 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 30 నిమిషములు ఉంచుదురు. అది చేయక తప్పదు, కాని దానితో ఈ ఎంజైము నశించును. నెలలు నిండని శిశువులు అట్టి పాలనుండి క్రొవ్వును పచ్చిపాలనుండి గ్రహించినంతగా గ్రహింపలేరు. కన్నతల్లి తన పాలను పిండి గిన్నెలో పట్టినప్పుడు, వైద్యులు చెప్పిననే తప్ప కాచవలసిన పని లేదు. మేకపాలు కాచియే పట్టుదురు గదా. వానికి నీళ్లు కలిపినచో క్రొవ్వు తగ్గును, శిశువునకు రావలసిన శక్తియు తగ్గును, అరిగించు సహాయము మాత్రము వానితో రాదు.

ఇదంతయు నేర్చుకొన్న పిమ్మట మా విద్యార్థికి తరగతి ముగిసిన తరువాత బల్లమీద చాక్‌తో గీసి చూపితిని. వాడు ఇంటికి పోయి చెప్పెనట. అవ్వ అంతయు విని, “కడుపులో కొంత, పాలలో కొంత పెట్టి పంపాడన్నమాట దేవుడు. సరే, అట్లయితే నా మేకను అమ్మక్కరలేదు గాని, దాని పాలు మీ నాయన కాఫీకి పోస్తాను” అన్నదట. ఆమె మాట ఇచ్చినట్లే జరిగినది.

వైశాఖమున ఆ ఇంటినుండి అన్నప్రాశనమునకు పిలుపు వచ్చెను. పోయితిని. పిల్లవాడు బొద్దుగా లేడు గాని చురుకుగా ఉన్నాడు. ఆ వయస్సునకు క్లోమ లైపేజు మెల్లగా పెరుగుచుండును, పెద్దల స్థాయిని ఇంకను అందుకొనదు. అవ్వ వెండిగిన్నెలో పరమాన్నము కలిపి, నేయి వేయబోవుచు చేయి ఆపి, నా వంక చూచి, “ఎంత వేయమంటారయ్యా?” అని అడిగెను.

“ఒక్క చుక్క చాలునమ్మా” అంటిని. ఆమె రెండు చుక్కలు వేసెను.